పుస్తకంలో లేని పేరు

ఈ సాయంత్రం వీడియో కాల్‌లో మా ఆయన మా అమ్మతో, శనివారం మేము బీచ్‌కి వెళ్తున్నామని చెప్పాడు. పక్కనే ఉన్న ఐదేళ్ళ మా అమ్మాయి "యెస్ అమ్మమ్మా, బీచ్!" అని అరిచి, ఫోన్ పెట్టేశాక వాళ్ళ నాన్న అరచేతిలో చెయ్యి కొట్టి కిలకిలా నవ్వింది. మేము వెళ్ళేది బీచ్‌కి కాదు. మేముండే ఈ పరాయి దేశపు దక్షిణ దీవిలో, పడమటి తీరాన, వానల అడవిలోంచి పైకి లేచిన ఒక ఇసుకరాతి పీఠభూమికి. ఎందుకీ అబద్ధం అని అడిగితే, "అత్తయ్యకి నిజం చెబితే రెండ్రోజులు నిద్రపోదు, ఎందుకొచ్చిన గొడవ?" అన్నాడు. పాప నిద్రపోయింది, దాని చిన్న గంబూట్లు తలుపు దగ్గర సిద్ధంగా ఉన్నాయి. నాకు మాత్రం కోపం తగ్గడం లేదు. ఈ కోపం ఈవేళ్టిది కాదు, తొమ్మిదేళ్ళ నాటిది, అదే పీఠభూమి మీద పుట్టింది.

నాలాగే ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చి రిక్కార్టన్ పేటలో ఒక గది పట్టుకుని బతికినవాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. నేనుండేది గుంటూరు నుంచి వచ్చిన ఒక నర్సు ఆంటీ ఇంట్లో. ఆదివారం చర్చి అయ్యాక టీ తాగుతూ ఆంటీలంతా చెప్పుకునే కబుర్లలో ఊళ్ళోని తెలుగు పిల్లలందరి సంగతులూ దొర్లుతాయని మాకు గట్టి నమ్మకం, అందుకే ఆంటీ అంటే హడలు. అప్పటికి మా ఆయనకీ నాకూ ఇంకా పెళ్ళి కాలేదు. ఆయన కాలేజీలో నా సీనియరు, రెండు వీధుల అవతల స్నేహితులతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేవాడు. పొద్దున్నే లైబ్రరీకి వెళ్తానని ముందురోజు రాత్రే ఆంటీతో చెప్పి, డబ్బాలో పులిహోర పెట్టుకుని, తెల్లవారకముందే ఆయన పాత కారెక్కాను.

కనుమ దాటాక దేశమే మారిపోయినట్టుంటుంది. ఇది ఉష్ణమండలం కాదని తెలిసినా, గొడుగుల్లా విచ్చుకున్న చెట్టుఫెర్నులూ, నాచు చొక్కాలు తొడుక్కున్న మానులూ, ఆకు ఆకునా కారే నీళ్ళూ చూస్తే, చలి లేకపోతే మారేడుమిల్లి అడవి అనుకునేదాన్ని. ఆ అడవిలో రెండు గంటలు ఎక్కాక చెట్లు ఉన్నట్టుండి ఆగిపోయి, పాలిపోయిన ఇసుకరాతి బండలు కనుచూపు మేరా పరుచుకుంటాయి. బండల మధ్య గుంటల్లో నీళ్ళు డికాషన్ రంగులో ఉంటాయి. ఆ రోజు ఒక్క గంట ఎండ కాసింది. వెచ్చటి రాతి మీద కాళ్ళు చాపుకుని పులిహోర తిన్నాం; కోడంత ఉండే, ఎగరలేని వేకా పక్షి ఒకటి వచ్చి డబ్బా మూత ఎత్తుకుపోబోతే ఆయన దాని వెంట పరిగెత్తాడు, నేను కడుపు పట్టుకుని నవ్వాను. అంత నిర్భయంగా మళ్ళీ ఎప్పుడు నవ్వానో గుర్తులేదు.

కానీ అసలు తప్పు కిందే జరిగిపోయింది. దారి మొదట్లో ఒక చెక్కపెట్టె, అందులో ఒక పుస్తకం ఉంటుంది. కొండెక్కేవాళ్ళు తమ పేర్లు, ఎంతమంది, ఎప్పుడు తిరిగొస్తారు అన్నవి రాసి వెళ్ళాలి. రాకపోతే వెతకడానికి అదే ఆధారం. ఆయన పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆగి, తన పేరొక్కటే రాశాడు. ఎంతమంది అన్నచోట ఒకటి వేశాడు. "మన పేర్లు పక్కపక్కన ఏ తెలుగువాడైనా చూస్తే మనకంటే ముందు కబురు మీ ఇంటికి చేరుతుంది" అన్నాడు. నేను కూడా తలూపాను. నా పేరు నేనే వద్దనుకున్నాను, అది తలుచుకుంటే నా మీద నాకే మండిపోతుంది.

తినడం అయ్యేసరికి మబ్బు దిగింది. పది అడుగుల దూరంలో ఏముందో కనిపించలేదు. రెండు బండల మధ్య పగుల్లో నా కాలు దిగబడి చీలమండ మెలిపడింది. ఫోన్లకు సిగ్నల్ లేదు. తన జాకెట్ నాకు కప్పి, ఒక రాతి చూరు కింద కూర్చోబెట్టి, సాయం తెస్తానని ఆయన కిందికి పరిగెత్తాడు.

ఈ కథను మా ఆయన ఏ విందుకెళ్ళినా చెబుతాడు. "మీ చెల్లెమ్మ కోసం కొండ మొత్తం పరిగెత్తానండీ!" అంటే అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఎవరికీ చెప్పని భాగం ఒకటుంది. కింద, రోజూ ఆ పుస్తకం చూసుకునే, ఆ కొండ కింది ఊరి పెద్దావిడ తడిసి ముద్దయి వచ్చిన ఆయన్ని చూసి, "జస్ట్ యూ, లవ్?" అని, నువ్వొక్కడివేనా నాయనా అన్నట్టు అడిగితే, అవునన్నాడు. ఆవిడ ఆయన పేరు మీద గీత కొట్టేసి వెళ్ళిపోయింది. ఈయన కారేసుకుని సిగ్నల్ దొరికేదాకా పోయి, నాలుగున్నర గంటల దూరంలో రిక్కార్టన్‌లో ఉన్న తన స్నేహితుడికి ఫోన్ చేసి, గుట్టుగా వచ్చి సాయం చెయ్యమన్నాడు. "ఒరేయ్, నీకు మతి పోయిందా? ముందు పోలీసులకి చెయ్‌రా!" అని వాడు తిట్టిన తర్వాతే చేశాడు. అలా వృథా అయిన గంటన్నరా పైన నేను పళ్ళు టకటకలాడుతుంటే, వస్తున్నారు, వస్తున్నారు అనుకుంటూ కూర్చున్నాను. కింద ఎవరి దృష్టిలోనూ నేను ఆ కొండ మీద లేనేలేను.

వెతికేవాళ్ళతో పాటు ఆయనా పైకి వచ్చాడు, ఏడుస్తూ వచ్చాడు, అదీ నిజమే. కింద దుప్పటి కప్పుతూ ఆ పెద్దావిడ, ఒక్కడినే అని ఎందుకు చెప్పాడమ్మా అని నన్నడిగింది. పుస్తకం చూపించింది. నేను తలెత్తి ఆయన్ని చూస్తే, "నీ పరువు కోసమే" అన్నాడు. నా పరువట!

అంతకీ ఆంటీ నా కాలికి కట్టు మారుస్తూ ఏమందంటే, "ప్రేమించావో, తిరిగావో, నాకెందుకే పిల్లా? రోజుకి పదిమందికి పక్కబట్టలు మార్చేదాన్ని, నాకు మీ కబుర్లకి తీరికెక్కడిది? పేరు రాసుకోవడానికి సిగ్గుపడి చచ్చేదానివి కదే!" ఆవిడ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు కాలం మారిపోయింది. ఎవరు ఎవరితో కొండెక్కారని అడిగేవాళ్ళు లేరు, మేమే ఆంటీలమూ అంకుళ్ళమూ అయ్యాం, ఆ నర్సు ఆంటీ ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది. భయపెట్టేవాళ్ళంతా పోయినా మా ఇంట్లో అబద్ధం మాత్రం అలాగే ఉండిపోయింది, ఈవేళ అది నా కూతురి నోట్లోకి వెళ్ళి నవ్వింది. రేపు పొద్దున్నే అమ్మకు ఫోన్ చేసి, ఎక్కడికి వెళ్తున్నామో, ఎప్పుడు తిరిగొస్తామో చెబుతాను. నిద్రపోకపోతే పోనీ, ఒక మనిషి మా కోసం మేలుకుని ఉంటుంది. శనివారం ఆ పెట్టె ఇంకా అక్కడే ఉంటే పెన్ను ఆయనకివ్వను. పాపకు తన పేరు రాయడం వచ్చు, వంకరటింకరగా అయినా అదే రాస్తుంది, దాని కింద నేను నా పేరు రాస్తాను.

ఆ వెచ్చటి బండ మీద ఎండ కాసిన గంటసేపు మేమిద్దరం ఉన్నాం. అంత మంచి రోజుకు గుర్తుగా ఆ పుస్తకంలో మిగిలింది మాత్రం కొట్టేసిన ఒక్క పేరు, అదీ నాది కాదు.