ఎవరికీ కనబడని వాక్యం

మొన్న జూబ్లీహిల్స్‌లోని మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, మేము ఏళ్లుగా చూసుకుంటున్న ఒక సినిమా కంపెనీ వెబ్‌సైట్‌ను శుభ్రం చేస్తూ, "మీ బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ ఆపి ఉంది, దరఖాస్తు కాగితం మీద రాసి మా ఆఫీసులో ఇవ్వండి" అన్న వాక్యం చూపించి, పేజీలో ప్రకటనల్నీ బటన్లనీ నడిపించే ఆ జావాస్క్రిప్ట్‌ను ఈ రోజుల్లో ఆపుకునేవాళ్లెవరు మేడమ్, తీసేయనా అని అడిగింది. ఆగమన్నాను.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, నెట్ సెంటర్లో గంట లెక్కన కూర్చునే ఆ రోజుల్లో ఏ పేజీ తెరిచినా ప్రకటనలు ఒకదాని మీదొకటి వచ్చి పడేవి. నేనప్పుడు కృష్ణానగర్లో చిన్న గదిలో ఉంటూ, ఫిల్మ్‌నగర్లో సినిమాలకు వెబ్‌సైట్లు చేసే ఆఫీసులో పనిచేసేదాన్ని. పక్క గదిలో అక్క ఉండేది. సొంత అక్క కాదు గానీ, ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి నాక్కూడా కలిపి కూర వండి ఉంచేది. పదేళ్లుగా పాటల్లో వెనక వరసలో డాన్స్ చేస్తూ, ఒక్క మాటైనా ఉన్న వేషం కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తున్న మనిషి.

అలాంటి వేషానికే కొత్తవాళ్లు కావాలని ఆ సినిమా కంపెనీ తన వెబ్‌సైట్లో దరఖాస్తు ఫారం పెట్టింది. తయారుచేసింది నేనే కాబట్టి ఆ గొప్పంతా చెప్పి అక్కను సందు చివరి నెట్ సెంటర్‌కు పంపాను. ఫోటో స్కాన్ చేయించి, అన్నీ నింపి, బటన్ నొక్కి వచ్చింది. ఆ తర్వాత రెండు వారాలు సెల్‌ఫోన్ చేతిలోంచి దించలేదు. పిలుపు రాలేదు. ఎంపికలన్నీ అయిపోయాక మనసాగక వచ్చిన దరఖాస్తులు వెతికితే, అందులో అక్క పేరే లేదు. గబగబా నెట్ సెంటర్‌కు వెళ్లి నేనే నొక్కి చూశాను, ఆ బటన్‌కు ఉలుకూ పలుకూ లేదు. ప్రకటనల బాధ పడలేక యజమాని అన్ని కంప్యూటర్లలోనూ జావాస్క్రిప్ట్ ఆపేశాడు, నా బటనేమో అది లేనిదే పనిచేయదు. మా ఆఫీసులో తప్ప ఎక్కడా పరీక్షించి చూడని నా తెలివికి సిగ్గుతో చచ్చిపోయాను.

ఏడుస్తూ సంగతి చెబితే అక్క తిట్టలేదు. "అంటే వాళ్లు నన్ను వద్దనలేదా చెల్లే? నా ఫోటో సూడనే లేదు గద!" అంది. ఆ మాటలోని సంతోషానికి నాకు ఏడుపు ఇంకా ఎక్కువైంది.

మర్నాడే ఆ వాక్యం రాశాను. జావాస్క్రిప్ట్ నడుస్తుంటే అది కనబడదు, ఆపి ఉంటేనే కనబడుతుంది. ఆ నెట్ సెంటర్ ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అక్క గది ఖాళీ చేసి బోరబండ వైపు వెళ్లిందని విన్నాను, అంతకు మించి తెలియదు. అందరి చేతుల్లోనూ అన్నీ నడిచే ఫోన్లే కాబట్టి ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేమీ లేదు. అయినా దాన్ని ఉండనివ్వమన్నాను. కనబడాల్సిన మనిషికి, కనబడాల్సిన రోజున అది అక్కడ లేదు.