నేను దిద్దించిన గొంతు

ఈ సంగతిని ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొద్దికాలానికి, తెలుగు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి, బెళుగుప్ప పరిసరాల కలుపుపాటలను సేకరిస్తూ ఉండేవాణ్ణి. వేరుశనగ చేలలో కలుపు తీసే స్త్రీలకు ముందుండి పాట ఎత్తుకునే ఒకామె కంఠం నన్ను కట్టిపడవేసింది. సీడీగా వస్తే ఆ పాటలు నిలుస్తాయని నచ్చజెప్పి, అనంతపురంలోని ఒక చిన్న రికార్డింగు గదికి ఆమెను తీసుకువెళ్ళాను.

అక్కడ ఆమె ఒక్కతే పాడింది. ప్రతి చరణం చివరా స్వరం శ్రుతికి రవంత కిందికి జారేది. బాల్యంలో సంగీతం అభ్యసించిన నా చెవికి అది ముల్లులా తగిలింది. కంప్యూటరు ముందు కూర్చున్న యువకుడితో దిద్దమన్నాను.

“సినిమా పాటలకు దినామూ చేసే పనే సార్. ఆయమ్మ పాట ఇట్లే బాగుండాది. దీనికెందుకు?”

“తప్పు తప్పే కదా నాయనా. సరిచేయి.”

ముప్పయ్యేళ్ళు ఎర్రసిరాతో పిల్లల వ్రాతలు దిద్దినవాణ్ణి; అంతకు మించి ఆలోచించలేదు. అతడు మౌసు కదిపాడు. జారిన స్వరాలన్నీ సమంగా నిలబడ్డాయి. అద్దానికి అవతల కూర్చున్న ఆమెను ఒక్కమాటైనా అడగలేదు.

సీడీ వెలువడగానే ఆమెకూ ఒకటి పంపాను. మరుసటి ఏడు తొలకరి తరువాత ఆమె కలుపు తీస్తున్న చేనికి వెళ్ళాను. ఆమె పాట ఎత్తుకుంది. చరణం చివర స్వరం జారలేదు. సీడీలో ఉన్నట్టే నిలిచింది. వెనుకవారిలో ఒకరు ముందే అందుకున్నారు, మరొకరు ఆలస్యమయ్యారు. పాట తెగిపోయింది.

“ఏమక్కా, గొంతు దించకపోతే మేము యాడ అందుకోవల్ల?” అని ఒకామె కసిరింది. “సీడీ వచ్చినప్పట్నుంచి ఈయమ్మకు టౌను గొంతు వచ్చినాది!”

అందరూ నవ్వారు. ఆ జారుడు తక్కినవారిని పాటలోకి పిలిచే సైగ అని నాకు అప్పుడు తెలిసింది.

“మునుపటిలాగే పాడమ్మా,” అన్నాను.

“అయివారే దిద్దించినారని ఆ కంప్యూటరు పిల్లోడు చెప్పినాడు. మళ్ళా తప్పు పాడేదెట్ల సామీ? సీడీ పెట్టుకొని దినామూ నేర్చుకుంటి.”

ఆమె ముఖంలో గర్వం. తప్పు నాదని చెప్పడానికి నోరు తెరిచాను. వరుసంతా నన్నే చూస్తోంది.

“బాగా నేర్చుకున్నావమ్మా,” అన్నాను.

ఆమె నవ్వి వంగింది; పాట మళ్ళీ ఎత్తుకోలేదు. ఆ సాలు కొనదాకా ఎవరూ పాడలేదు. ఎండిన మట్టిలో కలుపు తీసే తొలికెలు గీరుకునే చప్పుడు వింటూ గట్టుమీద నిలబడ్డాను.