ఆ మెరుపు నక్షత్రం కాదు

మొన్న ఆదిభట్లలో బస్సు ఎక్కగానే దోరజామకాయల వాసన వచ్చింది. ముందు సీట్లో ఒకామె ఒడిలో సంచి పెట్టుకుని కూర్చుంది. ఆ వాసనతో పదేళ్ల కిందటి ఓ ఆదివారం, షాహీన్ మేడమ్ ఇంటి వసారా, నా చేతిలోని కాగితాలు ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి.

మేడమ్‌ది మా ఇబ్రహీంపట్నమే. సైకిళ్లు బాగుచేసే ఆయన కూతురు. హైదరాబాద్‌లో ఖగోళశాస్త్రం బోధించేవారు. ఆకాశంలో క్షణంపాటు వెలిగి ఆరిపోయే పేలుళ్ల మీదే ఆమె పరిశోధనంతా. ఆమె దగ్గర పరిశోధనకు చేరిన మొదటిరోజే అడిగాను, "ఒక్క సెకను కోసం ఇన్నేండ్లా మేడమ్?" అని. ఆమె కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. "ఆ సెకన్ల ఓ నక్షత్రమే సచ్చిపోతది. ఎవరన్న సూడాలె గదా" అన్నారు.

ఆమెకు పేరు తెచ్చింది ఒకే ఒక్క మెరుపు. ఎంతో దూరాన ఓ నక్షత్రం పేలిందని చూపించారు. దాంతో దేశదేశాల సదస్సుల నుంచి పిలుపులు వచ్చాయి. ఆ మెరుపు పడ్డ పాత ఫొటోలను నేను కొత్త ప్రోగ్రాంతో సరిచూస్తుంటే, సరిగ్గా అదే క్షణాన, అదే చోటు మీదుగా భూమి చుట్టూ తిరిగే ఓ పాత రాకెట్ ముక్క పోయినట్టు తేలింది. మెరిసింది నక్షత్రం కాదు, అంత ఎత్తున ఆ ముక్క మీద పడ్డ ఎండ. వారంపాటు ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారం ఇంటికి వెళితే ఆమె జామకాయలు కోస్తూ పళ్లెం నా ముందుకు జరిపారు. నేను కాగితాలు ఇచ్చాను. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి కత్తి కింద పెట్టారు.

"మల్ల సూసినవా?"

"మూడుసార్లు సూసిన మేడమ్."

"ఎవరికన్న చెప్పినవా?"

"లేదు."

దాచమంటారనుకున్నాను. నిజం చెప్పాలంటే, దాచమంటే బాగుండుననే అనుకున్నాను. ఆమె కాగితాలు మడిచి, "సరే. అచ్చేసిన పత్రికకు ఉత్తరం నేనే రాస్త" అన్నారు.

రాశారు. తన ఫలితాన్ని తానే వెనక్కి తీసుకుంటూ, తప్పు పట్టుకున్నది నేనని నా పేరు కూడా రాశారు. ఆమెకు రావలసిన కొత్త ప్రాజెక్టు ఆగిపోయింది. పలకరించేవాళ్లు తగ్గారు. ఆమె నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు నేనే వెళ్లాను.

"నా మీద కోపమున్నదా మేడమ్?"

"ఉన్నది. మస్తున్నది. నీ మొకం సూడబుద్ధి కాలే. అయితే ఏంది, లెక్క కరెక్టున్నది. కూసో, మిగిలిన ఫొటోలు గూడ సూద్దాం."

సాయంత్రం దాకా చూశాం. ఇంకో రెండు మెరుపులు కూడా నక్షత్రాలు కావని తేలింది. రెండూ ఆమెవే.

ఇప్పుడు నా దగ్గరా విద్యార్థులున్నారు. ఎవరైనా తలుపు దగ్గర నిలబడి, "మేడమ్, మీ లెక్కల ఏదో తేడా ఉన్నది" అంటే కోపం వస్తుంది. అయినా ఆ కాగితం కోసం చెయ్యి చాస్తాను.