గొలుసు పట్టినవాడు అరవకూడదు

అయోవాలో మా ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆర్విల్ క్రెబ్స్‌కి నోట్లో నాలుక లేదనుకునేవారు. అతను పనిచేసే ట్రాక్టర్ల షెడ్డులో ఆ నోరు విన్నవాళ్ళెవరూ ఆ మాట అనరు. శనివారం కాలేజీ మైదానంలో మాత్రం నిజంగానే మూగవాడు. గొలుసు పట్టేవాడు అరవకూడదు, చప్పట్లు కొట్టకూడదు, సొంత జట్టు రంగు టోపీ కూడా పెట్టకూడదు. మా అమెరికా ఫుట్‌బాల్‌లో బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తి, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు దాటాలి. దాటకపోతే బంతి అవతలివాళ్ళది. అనుమానం వస్తే రెండు కర్రల మధ్య కట్టిన పది గజాల గొలుసు లోపలికొస్తుంది. వెనక కర్ర అతని నేస్తం మెర్ల్‌ది, ముందు కర్ర ఆర్విల్‌ది. జీతం లేదు, భత్యం లేదు, విరామంలో ఒక హాట్ డాగ్ పెడతారు. వయసులో ఉండగా పట్టిన కర్రలు, జుట్టు నెరిసినా ఇద్దరూ వదల్లేదు.

మరి కడుపులో దాచుకున్న కేకలన్నీ ఏం కావాలి? ఆట అయ్యాక ఆర్విల్ తన పికప్ బండెక్కి, అద్దాలు బిగించుకుని, ఆ రోజు అరవాల్సినవన్నీ వరసపెట్టి అరిచేవాడు. భార్య ఆర్డిస్ బయట బండికి ఆనుకుని కాఫీ తాగేది. కాసేపటికి అద్దం మీద కొట్టి, "అయిందా? ఇంకేమన్నా మిగిలిందా?" అని అడిగేది. అతను తలూపితే ఎక్కి కూర్చునేది. ఊరు ఊరంతా నవ్వేది. నవ్వరా మరి.

మా కాలేజీ గెలిచిన ముచ్చట చెప్పుకోవాలంటే తాతల కాలానికి పోవాలి. అలాంటిది ఆ ఏడాది ఒక్క ఆటా ఓడిపోలేదు. మాంసం కొట్టువాడు కిటికీకి నీలం రంగు పూశాడు, పాస్టరు గారు ఆటల గురించి మాట్లాడుకోనివ్వాలని ప్రసంగం కుదించారు. బంతి మోసే కుర్రాడు కోల్, ఆర్విల్ కూతురి కొడుకు. ముసలాయన ఛాతీ ఉప్పొంగిపోయేది గానీ, మొహం మీద ఒక్క గీత కదలనిస్తేనా.

ఆ మొహమే కోల్‌కి ముల్లయింది. ఆఖరి ఆట ముందు ఆదివారం, భోజనాల దగ్గర ఫోర్కు పక్కన పడేశాడు.

"అందరి తాతలూ గొంతు చించుకుంటున్నారు. నువ్వేమో నేనెవరో తెలీనట్టు నిలబడతావు."

"కర్ర పట్టుకున్నా కదరా."

"ఈ ఒక్కసారికి వదిలెయ్ తాతా. అమ్మమ్మ పక్కన కూర్చుని నా పేరు పెట్టి అరిచెయ్. నాకింకేం వద్దు."

ఆర్విల్ మెత్తబడ్డాడు. మెర్ల్‌ని అడగడానికి వెళ్ళాడు.

"నువ్వు మానేస్తే పట్టేదెవడ్రా? బీమా ఏజెంటా? వాడు మొహానికి నీలం రంగేసుకుని తిరుగుతున్నాడు. వాడి చేతికిస్తే పది గజాలు తొమ్మిదవుతాయి" అన్నాడు మెర్ల్.

అదీ నిజమే. ఆర్విల్ కర్ర వదల్లేదు. కోల్ వారమంతా తాతతో మాట్లాడలేదు. ఆ వారం ట్రాక్టర్ల షెడ్డులో కూడా ఆర్విల్ గొంతు పెద్దగా వినపడలేదు.

శనివారం వచ్చింది. గెలిస్తే ఛాంపియన్లం. మాంసం కొట్టువాడు కంచె మీంచి వంగి, "మనవడు కదా, గొలుసు కాస్త ప్రేమగా పట్టు ఆర్విల్" అని కన్నుగీటాడు. ఇంటి దీపమని ముద్దుపెట్టుకుంటే మూతి కాలదా? కానీ ఆ రోజు మా ఊళ్ళో ఎవరికి చెబితే వింటారు?

అవతలి కోచ్‌కి కూడా సంగతి చేరింది. తిన్నగా ఆర్విల్ దగ్గరికొచ్చాడు. "ఆ బంతి మోసేవాడు మీ మనవడట కదా పెద్దాయనా. నా కళ్ళు మీ చేతుల మీదే ఉంటాయి."

ఆర్విల్ కర్ర భుజాన వేసుకుని తన చోటికి నడిచాడు.

ఆట చివరికొచ్చేసరికి మేం నాలుగు పాయింట్లు ముందున్నాం, బంతి మా దగ్గరే ఉంది. నాలుగో ప్రయత్నం. పది గజాల గీత దాటితే మిగతా సమయం గడిపేసి గెలిచినట్టే. బంతి కోల్ చేతికిచ్చారు. మందలో దూరి, కింద పడుతూ కూడా చేయి చాచాడు. రిఫరీ గొలుసు తెమ్మన్నాడు.

మెర్ల్ వెనక కర్ర ఆనించాడు. ఆర్విల్ కాలి దగ్గర బురదలో మనవడు బోర్లా పడి, తలెత్తి చూస్తున్నాడు. గొలుసులో ఒక్క లంకె వదులుగా వదిలితే చాలు, బంతి దాటినట్టే, ఆ బురదలో ఎవరి కంటా పడదు. ఆర్విల్ ఎప్పుడూ లాగినట్టే బిగించి లాగి కర్ర దించాడు. బంతి బొటనవేలంత వెనకే ఆగిపోయింది.

"తాతా" అన్నాడు కోల్, చిన్నగా. ఆర్విల్ కర్ర తీసుకుని మైదానం అంచుకి నడిచాడు. స్టాండ్లలోంచి అతన్ని తిట్టినవాళ్ళలో నా పక్కన కూర్చున్న పెద్దమనుషులూ ఉన్నారు.

బంతి అవతలివాళ్ళకి పోయింది. వాళ్ళు మావైపు తోసుకొచ్చారు. వాళ్ళకీ నాలుగో ప్రయత్నం మిగిలింది. గుంపు మీద గుంపు పడింది, వాళ్ళ కుర్రాళ్ళు అప్పుడే చేతులెత్తి గెంతుతున్నారు. మళ్ళీ గొలుసు. కోల్ మైదానం అంచునే నిలబడి ఉన్నాడు. ఆర్విల్ మళ్ళీ అంతే బిగువుగా లాగాడు. బంతి రెండు వేళ్ళంత వెనకుంది, అంటే మళ్ళీ మాదే.

"అది వాళ్ళ ఊరి గొలుసు, మేం ఒప్పుకోం" అని వాళ్ళ చిన్న కోచ్ ముందుకురికాడు. పెద్ద కోచ్ అతని చొక్కా పట్టుకుని ఆపాడు.

"ఊరుకో. ఇందాక సొంత మనవడికే వదల్లేదు ఆయన. ఇంకేం మాట్లాడతాం?" అని టోపీ తీసి, ఆర్విల్ వైపు చూసి వెనక్కి తిరిగాడు.

మేం గెలిచాం. జనం కంచె దూకి మైదానం నింపేశారు. చర్చి గంట ఎవరు మోగించారో ఇప్పటికీ తెలీదు. మెర్ల్ గొలుసు సంచిలో పెడుతూ కళ్ళు తుడుచుకున్నాడు. "గెలిచాంరా ఆర్విల్."

"ఇంకా మైదానంలోనే ఉన్నాం. నోర్మూసుకో" అన్నాడు ఆర్విల్.

బండెక్కి అద్దం బిగించాడు. నోరు తెరవబోయాడు. అంతలో రెండో తలుపు తెరుచుకుంది. కోల్ బురద బట్టలతోనే ఎక్కి కూర్చున్నాడు. కాసేపు ఇద్దరూ ముందు అద్దంలోంచి జనాన్ని చూశారు.

"అంత గట్టిగా లాగాలా తాతా?"

"ఎప్పుడూ అంతేరా."

"తెలుసు. వాళ్ళ కోచ్ అన్నది విన్నాను." కోల్ తనవైపు అద్దం కూడా పైకెత్తేశాడు. "ఇప్పుడు నీ చేతిలో కర్ర లేదుగా. అరిచెయ్."

ఆర్విల్ మనవడి పేరు పెట్టి అరిచాడు. మళ్ళీ అరిచాడు. ఏడుస్తూ అరిచాడు. బయట ఆర్డిస్ కాఫీ ఎప్పుడో అయిపోయింది. చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడింది గానీ, ఆ రోజు అద్దం మీద కొట్టలేదు.