రేణిగుంట నుంచి వచ్చిన ఫోను

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇంట్లో మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ముఖం చూసి చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నాళ్లు ఆగేవాడినా?

తిరుచానూరు రోడ్డులో నాకు బట్టల అంగడి ఉంది. ఏటా చుట్టుపక్కల కుర్రాళ్లకు పరుగు పందెం పెట్టిస్తాను. ఇది జరిగిన ఏడు మిలిటరీలోకి తీసుకునే పద్ధతి మార్చారని దేశమంతా యువకులు రైళ్లు ఆపుతున్నారు, కొన్నిచోట్ల తగలబెడుతున్నారు. ఈసారికి పందెం వద్దులే అన్నారు అందరూ. నేను వినలేదు. ఇలాంటప్పుడే జరపాలి, 'ఐక్యత పరుగు' అని పేరు పెడదాం అన్నాను. మాటలకేం, బాగానే చెప్పాను. పోలీసులు అనుమతి ఇస్తూ ఒకటే షరతు పెట్టారు: మీవాళ్లలో ఒక్కడు గొడవల్లో కనిపించినా పందెం రద్దు.

మా పందేల్లో అందరికంటే ముందుండేవాడు మునిరాజా. పుత్తూరు దగ్గర పల్లె. ఇరవై దాటాయి. మిలిటరీలో చేరడం తప్ప వాడికి ఇంకో ఆలోచన లేదు. పందేనికి ముందురోజు కప్పులు, మెడల్సు రైలు పార్సిల్లో వచ్చాయని తెలిసి, తెచ్చిపెట్టమని వాడిని రేణిగుంట స్టేషనుకు పంపింది నేనే. అక్కడ అప్పటికే గొడవ మొదలైంది. వాడు పార్సిల్ ఆఫీసు దాకా పోకముందే పోలీసులు గుంపుతోపాటు వాడినీ పట్టుకుపోయారు. వాడు నా పేరు చెప్పాడు. నాకు ఫోను వచ్చింది.

"ఈ మునిరాజా అనేవాణ్ణి మీరే పంపినారంట, నిజమేనా?"

నాకప్పుడు ఏం గుర్తొచ్చిందో చెప్పనా? వాడి ముఖం కాదు. వేదిక, దాని వెనక నా ఫోటో వేసిన ఫ్లెక్సీ, రాబోయే పెద్దమనుషులు.

"లేదు సార్. ఆ పిలగాడెవరో నాకు తెలీదు" అన్నాను.

సాయంత్రానికి వదిలేస్తారులే అనుకున్నాను. నిజంగానే అనుకున్నానా, లేక అనుకున్నట్టు నాకు నేనే చెప్పుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మర్నాడు పందెం జరిగింది. మెడల్సు లేవు కాబట్టి గెలిచినవాళ్లకు మా అంగడి కండువాలు కప్పాను. జనం చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ నిలబడ్డాను. ఛీ.

వాడిని వదల్లేదు, కేసు పెట్టి జైలుకు పంపారు. బెయిలు మీద బయటికొచ్చిన రోజు వాడు నేరుగా అంగడికే వచ్చాడు.

"అన్నా, నీకు ఫోను చేసినామని, నేనెవురో తెలీదన్నావని చెప్పినారన్నా వాళ్లు. నేను నమ్మలా. మా అన్న అట్లా అనడు, మీరు ఫోనే చేసుండరు అని వాళ్ల మొగం మీదే అన్నా. దానికి ఇంకో రెండు పడినాయిలే" అని నవ్వాడు. "ఫోను రాలేదు కదన్నా?"

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. వాడు కొట్టినా, కాండ్రించి ఉమ్మినా పడి ఉండి, అప్పటికప్పుడు పోలీసు స్టేషనుకు వెళ్లి నేనే పంపానని రాసిచ్చి ఉండొచ్చు.

"రాలేదప్పా" అన్నాను.

మొదటి అబద్ధం భయంతో ఆడాననుకుందాం. మరి రెండోది? నన్ను నమ్మి దెబ్బలు తిన్నవాడి కళ్లలోకి చూస్తూ ఎలా ఆడగలిగాను? కేసు ఉన్నవాడిని మిలిటరీ తీసుకోలేదు. వాడు కోర్టు చుట్టూ తిరుగుతుండగానే వయసు దాటిపోయింది. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకునే ఉన్నాను.

ఇప్పుడు వాడు రేణిగుంటలో ఒక గోడౌనులో మూటలు మోస్తున్నాడు. అయినా ఏటా పందేనికి సెలవు పెట్టి మరీ వస్తాడు. మొన్న కొత్త కుర్రాళ్లతో అంటున్నాడు: "మీకేం బయం లేదబ్బా. యాడన్నా ఏమన్నా అయితే అన్న పేరు చెప్పండి. అన్న చూసుకుంటాడు."

వెనకే ఉండి విన్నాను. నీళ్లు తాగి వస్తానని పక్కకు వెళ్లిపోయాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు, వాడి చేతిలో ఉంది. వాడికి చెబుతానా? తెలియదు. ఇన్నేళ్లలో మొదటిసారి అబద్ధం కలపకుండా రాశాను, కాస్త ఊపిరాడుతోంది, అంతే. ఫోను వచ్చింది. వాడు నాకు తెలుసు. పంపింది నేనే.