ఐదు సెకన్ల పందెం

నాకు కోపం ఎక్కువసేపు నిలవదని మా ఆవిడ చుట్టాలందరికీ చెబుతుంటుంది. చాలా విషయాల్లో అది నిజమే. ఒక్క మనిషి విషయంలో మాత్రం కాదు. ఆయన మీద కోపాన్ని ఏడాదిన్నర పాటు కడుపులో పెట్టుకుని తిరిగాను. ఆ ఏడాదిన్నరలోనే రిమోట్ హెలికాప్టర్ ఎగరెయ్యడం నేర్చుకున్నాను.

ఆటోనగర్లో నాది ఆర్మేచర్ వైండింగ్ షాపు. లారీల సెల్ఫ్ మోటార్లు, డైనమోలు కాలిపోతే విప్పి, మాడిన తీగ పీకేసి కొత్త రాగి తీగ చుట్టి ఇస్తాను. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. సాయిబులమే అయినా మా ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే.

2006 వేసవిలో మా వీధి చివర టైర్ల వ్యాపారం చేసే ఒకాయన బొటనవేలంత మోటారు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఏం సాయిబూ, ఇంత చిన్నది చుట్టగలవా? మద్రాసు పంపిస్తే నెల పడుతుందంట."

"ఏ బండిదండీ ఇది?"

"బండి కాదోయ్, హెలికాప్టరు," అని నవ్వాడు.

గడియారాలు బాగుచేసే పక్క షాపతని దగ్గర కంటద్దం అడిగి తెచ్చుకుని, రెండు మధ్యాహ్నాలు కూర్చుని చుట్టాను. లారీ మోటార్లు చుట్టే చేతికి ఆ తీగ వెంట్రుకలా ఉంది. మోటారు తిరిగింది. ఆయన సంతోషపడి, ఆదివారం పొద్దున్న వచ్చి చూడమన్నాడు.

పటమట దాటి కానూరు వైపు పోతే, ప్లాట్లకని చదును చేసి రాళ్ళు పాతి వదిలేసిన ఖాళీ స్థలం ఒకటి ఉండేది. అక్కడికి ప్రతి ఆదివారం ఆరేడుగురు చేరేవాళ్ళు. ఒక పళ్ళ డాక్టరు, ఒక కాలేజీ లెక్చరరు, ఇద్దరు ముగ్గురు వ్యాపారస్తులు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన. టైర్ల షాపాయన హెలికాప్టర్ కింద పెట్టి రిమోట్ పట్టుకున్నాడు. నేను చుట్టిన మోటారు సన్నగా ఈల వేసినట్టు మొదలై, ఆ మూరెడు వస్తువుని నేల మీంచి లేపి గాలిలో నిలబెట్టింది. నా జన్మలో నేను చుట్టిన మోటారేదీ పైకి లేవలేదు. అన్నీ బురద లారీల కింద, గ్రీజులో పడి ఉండేవే.

"నేను నేర్చుకోవాలంటే ఏది కొనుక్కోవాలండీ?" అని అడిగాను. అంతమందిలో ఆయన్నే అడిగాను.

"నే తెప్పిస్తాగా. చిన్నచిన్నవి పిల్లలాడుకునేవి, దండగ. నువ్వు మెకానిక్కువి, నీకేంటి? తిన్నగా నా దాంట్లాంటిదే తీసుకో," అన్నాడు.

నేను నమ్మాను. ఆ పెద్దాయన ఏదో చెప్పబోయి నోరు మూసుకోవడం చూశాను గానీ పట్టించుకోలేదు.

మూడు వారాల్లో హెలికాప్టర్ వచ్చింది. ఆయనే బిగించి పెట్టి, "ఆదివారం తీసుకురా, అందరి ముందూ మొదలుపెడదాం," అన్నాడు. ఆ రోజు మామూలుగా వచ్చేవాళ్ళే కాకుండా కొత్త మొహాలు కూడా కనబడ్డాయి. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఇడ్లీలు, గారెలు తెప్పించారు. నా కోసమే ఇంత మర్యాద అనుకుని పొంగిపోయాను. శుక్రవారం మసీదుకి వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళాను.

"ఎడమ స్టిక్ పైకి తొయ్యి. భయపడకు, గట్టిగా తొయ్యి," అన్నాడు.

తోశాను. హెలికాప్టర్ ఒక్క ఊపున లేచి, పక్కకి ఒరిగి, నా వైపే తిరిగి, నేలకి కొట్టుకుంది. రెక్క విరిగి ఒక ముక్క వచ్చి నా గడ్డాన్ని చీల్చింది. తెల్ల చొక్కా మీద రక్తం పడింది. వెంటనే పెద్ద నవ్వు. కుర్చీల్లో వెనక్కి వాలి, తొడలు చరుచుకుని నవ్వారు. ఆయనైతే కళ్ళు తుడుచుకున్నాడు.

ముక్కలేరుకుని బస్సెక్కాను. గడ్డానికి మూడు కుట్లు పడ్డాయి.

నాలుగు రోజుల తర్వాత ఆ రిటైరైన పెద్దాయన నా షాపుకొచ్చాడు. టీ తెప్పించాను. తాగకుండా గ్లాసు పట్టుకు కూర్చుని, "నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదయ్యా," అన్నాడు. "వాళ్ళు పందెం కాశారు. నీ హెలికాప్టర్ ఎన్ని సెకన్లుంటుందా అని. ఒకడు పదన్నాడు, ఒకడు మూడన్నాడు. ఐదని టైర్లాయనన్నాడు. ఆయనే గెలిచాడు. ఆ సాయంత్రం అందరూ బిర్యానీ తిన్నారు."

"మీకు ముందే తెలుసాండీ?"

"తెలుసు. చెప్పలేకపోయాను."

గడ్డం కుట్ల నొప్పి అప్పటిదాకా సలుపుతూ ఉంది. అది వినగానే నొప్పి తెలియడం మానేసింది. దాని చోట ఇంకేదో వచ్చి కూర్చుంది.

"నేను నేర్చుకుంటాను. ఆయనకంటే బాగా నేర్చుకుంటాను. మీరు చెప్తారా?" అన్నాను. పెద్దాయన తన తప్పు దిద్దుకునే దారి దొరికినట్టు వెంటనే ఒప్పుకున్నాడు.

మొదలుపెట్టేవాడికి ఏది కావాలో ఆయన ఆ పూటే విడమరిచి చెప్పాడు. నాకు అంటగట్టిన దాంట్లో రెక్కల వాలుని కూడా మనమే స్టిక్ తో మారుస్తూ ఉండాలి, రెప్ప వేసే లోపు తప్పు జరిగిపోతుంది. నేర్చుకునేవాడికి కావలసింది ఒకదాని మీద ఒకటి రెండు జతల రెక్కలుండేది. పైవి ఒక దిక్కుకి, కిందవి ఎదురు దిక్కుకి తిరుగుతాయి కాబట్టి అది చాలావరకు తనంతట తనే నిలబడుతుంది. ఇద్దరం బీసెంట్ రోడ్డులో వెతికాం. ఒక షాపులో అరచేతిలో పట్టేంత బొమ్మ చూపించారు. పైకి లేస్తుంది, గుండ్రంగా తిరుగుతుంది, అంతే. ఇంకోటి బాగానే ఉంది గానీ పక్కలకి పోదు. మూడోదానికి పెద్ద హెలికాప్టర్ కి ఉన్నట్టే రెండు స్టిక్కులు, లేవడం, తిరగడం, ముందుకీ పక్కలకీ పోవడం, నాలుగు కదలికలూ ఉన్నాయి. నేను ఎగిరించి చూపించమని అడగలేదు. ఆటోనగర్ మనిషిని కదా, "దీని రెక్కలు, పళ్ళ చక్రాలు విడిగా దొరుకుతాయా?" అని అడిగాను. షాపతను డబ్బా తీసి సామాన్లన్నీ చూపించాక అదే తీసుకున్నాను.

ఆదివారాలు ఆటోనగర్ మూసి ఉంటుంది. షాపు షట్టర్ సగం దించేస్తే లోపల గాలి కదలదు. మా నాన్న కుట్టిన పాత పరుపు ఒకటి తెచ్చి నేల మీద పరిచాను. హెలికాప్టర్ కాళ్ళకి వెదురు పుల్లలు అడ్డంగా కట్టి, నాలుగు చివరలా టేబుల్ టెన్నిస్ బంతులు గుచ్చాను, బోర్లా పడకుండా. మొదటి నెలంతా జానెడు ఎత్తు లేపడం, దించడం. లేపడం, దించడం. మా ఆవిడ కూడా వచ్చేది. ఒక మూల కూర్చుని దిండు గలీబులు కుట్టుకుంటూ చూసేది.

ఒక రోజు వరసగా ఆరుసార్లు గోడకి కొట్టాను.

"ఏవండీ, ఇప్పుడు ఆయన్నే తలుచుకున్నారు కదూ?" అంది.

"నీకెట్టా తెలుసు?"

"దవడ బిగిస్తున్నారు. దవడ బిగించినప్పుడల్లా అది గోడకి పోతోంది. నే చూస్తానే ఉన్నా."

నిజమే. ఎగరేస్తున్నంతసేపు ఆయన్ని పక్కన పెట్టడం అలవాటు చేసుకున్నాను. దింపిన తర్వాత మళ్ళీ తలుచుకునేవాణ్ణి. బ్యాటరీ మార్చే వ్యవధి అంతా ఆయనదే.

తోక మన వైపు ఉన్నంతసేపు పని సులువు. స్టిక్ కుడికి తోస్తే హెలికాప్టర్ కుడికే పోతుంది. ముక్కు మన వైపు తిప్పితే అంతా తారుమారు. కుడికి తోస్తే మన ఎడమకి పోతుంది. బుర్రకి తెలిసినా చేతికి తెలియదు. అది ఏ పక్కకి ఒరుగుతుంటే స్టిక్ ఆ పక్కకే తొయ్యాలని పెద్దాయన చెప్పాడు. నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ మాట చెప్పిన రోజే ఆయన నోరు జారి ఇంకో మాట కూడా అన్నాడు. "మన టైర్లాయనకి ఈ రోజుకీ ఇది రాదు. ఎప్పుడూ తోక తన వైపే పెట్టుకుని ఎగరేస్తాడు. నువ్వు గమనించలేదా?"

గమనించలేదు. ఆ తర్వాత మూడు ఆదివారాలు పొద్దున్నే వెళ్ళి, ఆ స్థలానికి అవతల టీ బడ్డీ దగ్గర కూర్చుని గమనించాను. నిజం. ఒక్కసారి కూడా ముక్కు ఇటు తిప్పలేదు. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. కోపానికి అప్పటిదాకా చేతులూ కాళ్ళూ లేవు. ఆ రోజు వచ్చాయి.

విరిగిన పెద్ద హెలికాప్టర్ కి రెక్కలు, ఇరుసు, తోక గొట్టం తెప్పించి నా చేతుల్తో బిగించాను. పొద్దున్నే కృష్ణ కరకట్ట మీదికి పోయి, పెద్దాయన పక్కన నిలబడి చెబుతుంటే ఏడు నెలలు ఎగరేశాను. రెండుసార్లు విరగ్గొట్టాను. మూడోసారి విరగలేదు. "ఇంక చాలయ్యా, నీకు వచ్చేసింది. వాళ్ళ జోలికి పోకు," అన్నాడు పెద్దాయన. విననట్టు బ్యాటరీ విప్పి సంచిలో పెట్టుకున్నాను.

2007 చలికాలంలో ఒక ఆదివారం ఆ ప్లాట్ల స్థలానికి వెళ్ళాను. పాత మొహాలన్నీ ఉన్నాయి.

"ఓహో సాయిబు! మళ్ళీ నవ్వించడానికొచ్చావా?" అన్నాడు ఆయన.

"అవునండీ. ఇవాళ ఎన్ని సెకన్లకి కాశారు?"

డాక్టరు చెప్పుల వంక చూసుకున్నాడు. ఆయన మాత్రం నవ్వు మొహం మార్చకుండా పెద్దాయన వైపు ఒక చూపు చూశాడు.

హెలికాప్టర్ లేపాను. స్థలం చుట్టూ రెండుసార్లు తిప్పాను. తర్వాత ఇరవై అడుగుల దూరంలో కంటి ఎత్తున ఆపి, మెల్లగా ముక్కు మా వైపు తిప్పి నిలబెట్టాను. అది గాలిలో మేకు కొట్టినట్టు నిలబడి మమ్మల్ని చూస్తోంది. లెక్చరరు చప్పట్లు కొట్టాడు. దింపి, రిమోట్ ఆపి, ఆయన వైపు తిరిగాను.

"మీరూ ఒక్కసారి ముక్కు ఇటు తిప్పి నిలబెట్టండి సార్. మీరు చేస్తే చూడాలనుంది. నాకు దారి చూపించింది మీరే కదా."

ఎంత మర్యాదగా అన్నానంటే, కాదనడానికి ఆయనకి సందు దొరకలేదు. "అదెంత పని," అని లేచాడు. లేపాడు, తిప్పాడు. తిప్పగానే నేను గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"ఒకటి. రెండు. మూడు."

హెలికాప్టర్ ఎడమకి ఒరిగింది. ఆయన స్టిక్ కుడికి తోశాడు, తొయ్యకూడని వైపే. ఇంకా ఒరిగింది. ఇంకా గట్టిగా తోశాడు.

"నాలుగు," అన్నాను. అది పోయి ప్లాటు రాయికి కొట్టుకుని రెండు ముక్కలైంది.

నేను నవ్వాను. కడుపు పట్టుకుని నవ్వాను. కాసేపటికి తెలిసింది, నవ్వుతున్నది నేనొక్కణ్ణేనని. నేను పడినప్పుడు పదిహేనుమంది నవ్వారు. ఆయన పడితే, అయ్యో అయ్యో అంటూ ముక్కలేరడానికి పరుగెత్తారు. నాకు నవ్వు ఆగిపోయి కోపం రెండింతలైంది.

ఆ బుధవారం ఆయనే నా షాపుకొచ్చాడు, చేతిలో చిన్న మోటారు. రాయికి కొట్టుకుని రెక్కలు ఇరుక్కుపోయినప్పుడు కాలిందంట. నేను వంచిన తల ఎత్తలేదు.

"ఆ రోజు ఏదో సరదాకి చేశామయ్యా. మనసులో పెట్టుకోకు," అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు. షాపులో ఇద్దరు డ్రైవర్లుండగానే అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి కష్టమైందని నాకు తెలుసు.

"చిన్న మోటార్లు చుట్టడం మానేశానండీ," అన్నాను. నా బల్ల మీద అప్పుడు అలాంటిదే ఇంకోటి, లెక్చరరుగారిది, సగం చుట్టి ఉంది. ఆయన దాన్ని చూశాడు. నేను దాన్ని దాచలేదు.

ఈ సంగతి చెప్పినప్పుడు మా ఆవిడకి నచ్చలేదు. "పని చేయించుకోడానికి వచ్చిన మనిషిని ఎట్టా పంపించారండీ? అంతమందిలో ఆయన పరువు తీశారుగా, అది చాల్లేదా?" అంది. చాల్లేదన్నాను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఆయన ఆ తర్వాత ఆదివారాలు రావడం మానేశాడు. హెలికాప్టర్ ఎవరో బంధువులకిచ్చేశాడని తెలిసింది. నేను గెలిచినట్టే. కానీ నేను వెళ్ళినప్పుడల్లా వాళ్ళు పలకరించి, కుర్చీ చూపించి, కాస్త ఎడంగా జరిగి కూర్చునేవాళ్ళు. పెద్దాయన ఉన్నన్నాళ్ళూ ఆయనతో కలిసి కరకట్ట మీద ఎగరేశాను. ఆయన కూతురి దగ్గరికి రాజమండ్రి వెళ్ళిపోయాక ఒక్కణ్ణే వెళ్ళేవాణ్ణి.

కొత్తగా నేర్చుకుందామనుకునేవాళ్ళు ఇప్పటికీ అడపాదడపా షాపుకి వచ్చి ఏది కొనాలని అడుగుతారు. రెండు జతల రెక్కలది కొనండి, సామాన్లు దొరికేదే కొనండి, గాలి లేని చోట మొదలుపెట్టండి అని చెబుతాను. మీకెవరు నేర్పారని అడిగితే రైల్వే పెద్దాయన గురించి, మా ఆవిడ గురించి చెబుతాను. మొదట హెలికాప్టర్ తెప్పించి ఇచ్చినాయన గురించి ఒక్క ముక్క చెప్పను. ఇక్కడ కూడా ఆయన పేరు రాయలేదు. అది మర్యాద అనుకునేరు, కాదు.