ఒవియెదో చేపల బజారులో రాజక్క ప్రశ్న

ఆదివారం ఉదయం ఏడుంబావుకు రామగుండం స్టేషన్లో హైదరాబాద్ బండి కోసం నిలబడ్డాను. సాగనంపడానికి వచ్చింది మా రాజక్క ఒక్కతే. నేను గోదావరిఖనిలో బొగ్గుగని రెస్క్యూ జట్టు మనిషిని. గనిలో మంట లేచినా, గ్యాసు కమ్మినా ముందు దిగేది మేమే. స్పెయిన్ దేశంలో ఒవియెదో అనే ఊరి దగ్గర నాలుగు రోజుల శిక్షణకు ఇద్దరిని పంపారు. ఒకడిని నేను, రెండోవారు మా అండర్ మేనేజర్ ప్రసాద్ గారు. ఆయన తండ్రి కాలంలోనే భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు.

రాజక్క గోదావరిఖని మార్కెట్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా చేపలు అమ్ముతోంది. ఆ రేకుల షెడ్డు తీసేసి కొత్త మార్కెట్ కడతారట. అమ్మేవాళ్ళంతా ఖాళీ చేయడానికి ఒప్పుకుంటూ, నేను తిరిగొచ్చే సోమవారం సాయంత్రంలోగా సంతకాలు పెట్టాలి. ఎవరు ఎక్కడ కూర్చుంటారన్నది అందరికీ తెలుసు గానీ, కాగితం మీద ఒక్క ముక్క లేదు.

"తమ్మీ, అక్కడ గూడ పాత బజార్లు మళ్ళ కడ్తరంట గదా" అంది అక్క, బండి కూత వినబడుతుండగా. "ఒక్కదాన్ని చూసి రా. కట్టేటప్పుడు అమ్ముకునెటోళ్ళు ఏడ కూసున్నరు, మళ్ళ అందరు తిరిగొచ్చిన్రా, గిదొక్కటి అడుగు. నువ్వు చెప్పినంకనే నేను సంతకం పెడ్త."

సాయంత్రం విమానం, దోహాలో మార్పు, మర్నాడు మధ్యాహ్నానికి మాడ్రిడ్. అక్కడి నుంచి ఒవియెదోకు రైలు మూడున్నర గంటలు. దారిలో ఒక సొరంగం ఉంది చూశారూ, పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుందట! పుట్టి బుద్ధెరిగి గనుల్లో తిరిగినవాణ్ణి, నేనే కిటికీకి ముక్కు ఆనించి చూశాను. ఎదురు సీటు ముసలాయన నా చేతుల వంక చూసి, తన చొక్కా చేయి పైకి మడిచాడు. బొగ్గు గీరుకుని మానిన నీలి మచ్చలు. నేనూ నా మోచేయి చూపించాను. ఇక మా ఇద్దరికీ భాషతో పని పడలేదు. దిగేటప్పుడు తన సంచిలోంచి రెండు ఆపిల్ పళ్ళు తీసి నా ఒళ్ళో పెట్టి వెళ్ళాడు.

శుక్రవారంతో శిక్షణ ముగిసింది. శనివారం తొమ్మిదిన్నరకు బస దగ్గర బస్సెక్కి, పావుగంటలో బజారు ముందు దిగాం. వెళ్ళదలచుకున్నవాళ్ళు గుర్తుంచుకోండి, ఆదివారం మూత. శనివారం కూడా మధ్యాహ్నం మూడు దాటితే చేప తోక కూడా దొరకదు.

గనివాడు ఎక్కడ అడుగుపెట్టినా ముందు పైకప్పు చూస్తాడు. నేనూ చూశాను. అబ్బ! నూరేళ్ళ నాటి ఇనుప స్తంభాలను అలాగే ఉంచి, పైన అద్దాలు పరిచారు. పొద్దుటి వెలుగు తిన్నగా చేపల మీద పడుతోంది. పాత గోడలు, పాత తలుపులు, లోపల మాత్రం అంతా కొత్త. ప్రతి దుకాణానికీ ఒక నల్లా, తెల్ల రాతి బల్ల, కింద నీళ్ళు పోయే కాలువ. ఈగ అన్నది లేదు. మంచు మీద వెండి పట్టీల్లా చేపలు, నల్ల రాళ్ళలా గుల్లలు, నా చేయంత పొడుగు కాళ్ళున్న పీతలు. చేపల బజారులో నిలబడి ముక్కు మూసుకోకపోవడం నా జన్మలో అదే మొదటిసారి.

"ఏవండీ, నోరు మూసుకోండి, పీత దూరుతుంది" అన్నారు ప్రసాద్ గారు.

ఒక చేపల దుకాణం ముందు పదిమంది దాకా ఉన్నారు, వరస మాత్రం లేదు. మన దగ్గరైతే ఏం చేస్తాం? గ్యాసు బండకైనా, రేషన్ బియ్యానికైనా చెప్పో సంచో వరసలో పెట్టి నీడకు పోతాం. నేనూ నా నల్ల సంచి బల్ల ముందు పెట్టి, ఫోటోలు తీసుకోవడానికి అవతలి మూలకు వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి జనమంతా దూరం జరిగి ఉన్నారు. మధ్యలో నా సంచి ఒంటరిగా ఉంది, కాపలా మనిషి దాని వైపే చూస్తూ ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నాడు. బాంబనుకున్నారని అర్థమైంది. పరుగున పోయి సంచి విప్పి, సకినాల డబ్బా తీసి అందరికీ చూపించాను.

ప్రసాద్ గారు తన ఫోన్లోని అనువాదంతో మన పద్ధతి వివరించేసరికి దుకాణం ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. పేరు పిలార్, అరవై దాటి ఉంటుంది. ఇక్కడికి వచ్చినవాళ్ళు "చివర ఎవరు?" అని అడుగుతారట, ఆ మనిషిని గుర్తుపెట్టుకుని ఎక్కడైనా నిలబడవచ్చట. సంచి అక్కర్లేదు, ముఖం గుర్తుంటే చాలునంది. సకినం కరకరా నమిలి ఇంకోటి అడిగింది. రద్దీ తగ్గాక అక్క ప్రశ్న ఆమె ముందు పెట్టాను.

"రెండున్నరేళ్ళు రోడ్డు పక్కన రేకుల గదుల్లో అమ్ముకున్నాం" అంది పిలార్. ప్రసాద్ గారు ఫోన్ చూసి చదువుతున్నారు. "కదిలే ముందు మేమే ఒక కాగితం రాశాం. ఫలానా మనిషి నా పక్కన ఇన్నేళ్ళుగా అమ్ముతోందని ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ చోటుకు సాక్షి సంతకం పెట్టాం. దాని మీద ఆఫీసు ముద్ర పడ్డాకే కదిలాం."

"మరి అందరూ తిరిగొచ్చారా?"

పిలార్ కత్తి తుడిచి పక్కన పెట్టింది. "కాగితంలో ఉన్నవాళ్ళు వచ్చారు. నా పక్కన అమ్మినామెతో అప్పట్లో నాకు మాటల్లేవు. ఆమె అడగలేదు, నేను పెట్టలేదు." పక్కకు చూపించింది. అక్కడ అద్దాల అరల్లో ద్రాక్షసారా సీసాలున్నాయి. "వాళ్ళూ మంచివాళ్ళే. కానీ పొద్దున్నే నాకు పోట్లాడటానికి మనిషి లేదు."

పదకొండుంబావు. మన దగ్గర మధ్యాహ్నం మూడవుతుందని అక్కకు వీడియో కాల్ చేశాను. నల్లా చూపించాను, కాలువ చూపించాను. ఆడవాళ్ళ బొమ్మ ఉన్న మరుగుదొడ్డి తలుపు చూడగానే ఆపమంది.

"అమ్మెటోళ్ళకు గూడనా? లోపట్నేనా?"

"లోపలే అక్కా."

"పొద్దుగాల చాయ తాగి వస్త. మళ్ళ ఇంటికి పోయేదాక నీళ్ళు ముట్టను, నీకెరుకనా?"

నాకు తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆమె తెచ్చిన చేపలు తిన్నాను, ఈ సంగతి ఒక్కసారి అడగలేదు. సిగ్గుతో తల దించుకున్నాను. తరవాత కాగితం సంగతి చెప్పాను.

"నాది మూల జాగ తమ్మీ" అంది. "నాకు పక్కన ఒక్కతే. సరోజ."

పైన కట్టిన టార్పాలిన్ నుంచి వాన నీళ్ళు గంపలో పడ్డాయని మొదలైన గొడవ అది. ఆరేళ్ళుగా ఇద్దరూ జానెడు దూరంలో కూర్చుంటారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

"దాన్ని అడుగుడా? దానికంటె రోడ్డు మీద కూసుంట!"

"అయితే కూసో! నీ పంతం తగలెయ్య" అని నేనూ అరిచాను. ఫోన్ పెట్టేసింది.

ఆదివారం బయలుదేరి, సోమవారం ఉదయం హైదరాబాద్‌లో దిగి, మధ్యాహ్నం బండి ఎక్కాను. అక్క ఫోన్ ఎత్తడం లేదు. పక్క సీటు పెద్దపల్లి ఆయన నా అవస్థ చూసి, "ఏందన్నా, గంత ఫికర్? ఇంట్ల దవాఖాన పనా?" అని అడిగాడు. కాదని ఫోటోలు చూపించాను. "ఇది చేపల బజారా? కల్యాణమండపం గాదూ?" అన్నాడు. నిజమే. ఇంత అందంగా మనుషులు చేపలు అమ్ముకోగలరని చూడకపోతే నేనూ నమ్మేవాణ్ణి కాదు. అయినా ఆ అద్దాల కప్పు కింద నా కళ్ళు మాటిమాటికీ వెళ్ళింది ఆ సీసాల అరల వైపే.

పెద్దపల్లిలో ఆయన దిగిపోయాక, అయిదున్నరకు ఫోన్ మోగింది.

"కాగితం సంగతి అందరికి నేనే చెప్పిన తమ్మీ" అంది అక్క. గొంతు బొంగురుగా ఉంది. "నాది మాత్రం రాయించుకోలె. అన్ని జాగలు తిరిగి ఆఖరుకు నా కాడికి వచ్చింది కాగితం. చూస్తె నా పేరు ఉన్నది. పక్కన సరోజ సంతకం ఉన్నది."

"ఆమే పెట్టిందా?"

"పొద్దుగాలనే పెట్టిందంట. దాని పేరు కాడ మాత్రం సాక్షి జాగ ఖాళీగ ఇడిసింది. అవతలి పక్క యాదవ్వ పెడ్తనంటె గూడ పెట్టనియ్యలేదంట."

"మరి నువ్వు?"

"పెట్టిన. ఆఫీసు సార్లు ముద్ర గుద్దిచ్చిన్రు. గప్పుడే ఖాళీ చేస్తమని సంతకాలు పెట్టినం."

"ఏడ్చినవా అక్కా?"

"ఏడ్వనా మరి? అది గూడ ఏడ్చింది. మార్కెట్ల బేరాలన్ని ఆపి మమ్మల్నే చూసిన్రు."